ఫేబకు రాసిన మోతాదు

మార్చి 3, సోమవారం

మందుల షాపులో సమద్ భాయ్ అలవాటు ప్రకారం నాలుగు స్ట్రిప్పులు తీసి కౌంటరు మీద పెట్టాడు. కాసేపు ఆగి రెండు వెనక్కి తీసుకున్నాడు.

ఇద్దరికీ ఒకే మాత్ర. గుండె లయ తప్పకుండా ఉండటానికి. ఎనభై మిల్లీగ్రాములు కాబట్టి ఇంట్లో దాన్ని 'ఎనభై' అనేవాళ్ళం. నేను ఆరేళ్ళ నుంచి వేసుకుంటున్నాను. నా భార్య ఫేబ అక్టోబరు నుంచి వేసుకుంది.

ఫేబ పోయి రేపటికి ఎనిమిది వారాలు.

మార్చి 4

పొద్దున కోట దాకా నడిచాను. సాయంత్రం మళ్ళీ నడిచాను. మధ్యలో బజారుకు పోయి ఏమీ కొనకుండా వచ్చాను.

కూరగాయల గాలయ్య నన్ను చూసి తూకం రాళ్ళు సర్దుకున్నాడు.

"సార్ రిటైరై నాలుగేండ్లాయె. ఇంకా మిమ్ముల జూస్తె నా చేతులు వణుకుతయ్. మీ మొకంలనే తరాజు ముల్లున్నది" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను. కిలో అంటే కొనేవాడికీ అమ్మేవాడికీ ఒకటే కిలో. నాకు తెలిసిన న్యాయం అంతే.

మార్చి 6

ఎల్దుర్తి నుంచి లలిత ఫోన్ చేసింది. ఫేబ చెల్లెలు. అంగన్‌వాడీ టీచరు.

"బావా, నువ్విచ్చిన గోలీలు ఇంకో రెండు రోజులే వస్తయి."

"దడ ఎట్లుంది?"

"తక్కువైంది. దేవునికి స్తోత్రం. అక్క పోయినకాడికెల్లి గుండె చేప లెక్క కొట్టుకుంటుండె. ఇప్పుడు నయం."

ఫేబ డబ్బాలో మిగిలిన నాలుగు స్ట్రిప్పులు ఫిబ్రవరిలో ఆమెకు ఇచ్చాను. పారేయడం ఇష్టం లేక. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని చెప్పాను. నేను వేసుకున్నట్టే.

ఎల్లుండి ఆమె భర్త బెంజమిన్ మెదక్ వస్తున్నాడట. ఆయనతో పంపిస్తానన్నాను.

మార్చి 8

బెంజమిన్ వచ్చాడు. సమద్ భాయ్ దగ్గర కొన్న మూడు స్ట్రిప్పులు ఇచ్చాను.

"మన అత్తగారింటి ఆడపిల్లలందరికి గుండె ఉన్నది అన్నా. నేనొక్కన్నే గుండె లేనోన్నని మా ఆమె అంటది" అన్నాడు. టీ తాగి పోయాడు.

ఇల్లు ఊడ్చాను. నిన్న కూడా ఊడ్చాను.

మార్చి 10

సమద్ భాయ్ కూతురు జోహా నిరుడు బి.ఫార్మసీ పూర్తి చేసింది. ఇప్పుడు కౌంటరులో కూర్చుంటోంది. వాళ్ళ నాన్న నమాజుకు పోయిన సమయం చూసి మాట్లాడింది.

"అంకుల్, ఒక మాట చెప్తె తప్పుగ అనుకోవద్దు."

"చెప్పు బిడ్డా."

"మీరు ఏసుకునే ఈ గోలీ ఆడోళ్ళకు, మగోళ్ళకు ఒక్కతీర్గ పడది."

"ఎనభై అంటే ఎనభై గదమ్మా. ఎవరు మింగితే ఏంది?"

"గోలీ ఒక్కటే అంకుల్. మింగే మనిషి ఒక్కటి గాదు."

బిల్లు వెనక గీత గీసి చూపించింది. గుండె ఒకసారి కొట్టుకున్నాక, మళ్ళీ కొట్టుకోవడానికి సిద్ధం కావాలి. ఆ వ్యవధి ఆడవాళ్ళలో మామూలుగానే కొంచెం ఎక్కువ. ఈ మాత్ర ఆ వ్యవధిని ఇంకా సాగదీస్తుంది. మరీ సాగితే గుండె తప్పుడు లయలో పడుతుంది. తల తిరుగుతుంది. స్పృహ తప్పుతుంది.

"కొందరు మళ్ళ లేవరు" అంది జోహా, గీత మీద నుంచి తల ఎత్తకుండా.

"మగవాళ్ళకు కాదా?"

"అయితది. ఆడోళ్ళకు రెండింతలు అయితదని మేము చదువుకున్నం. మనిషి సన్నగున్నా, కడుపు మాడ్చుకున్నా, వాంతులు విరేచనాలైనా ఇంకా డేంజర్."

"ఫేబకు అట్లనే అయిందంటవా?"

"ఎవ్వరు చెప్పలేరంకుల్. ఆ టైంకు ఈసీజీ తియ్యలేదు గద." కొంచెం ఆగి, "మీరైతే మీ గోలీ ఆపకుండ్రి. దానికి దీనికి సంబంధం లేదు" అంది.

ఫేబ నలభై ఆరు కిలోలు. నేను డెబ్బై తొమ్మిది.

డిసెంబరులో తల తిరుగుతోందని చెప్పింది. ఒకసారే.

మార్చి 11

హైదరాబాదులో ఫేబను చూసిన గుండె డాక్టరుకు ఉత్తరం రాస్తున్నాను. ఇట్లా మొదలుపెట్టాను: 'ఈ మందు ఆడవాళ్ళకు ఎక్కువ ప్రమాదమని మీకు తెలిసి ఉండాలి. తెలిసి కూడా నా భార్యకు మీరు రాసిన మోతాదు...'

అక్కడ ఆగాను. మళ్ళీ నడవడానికి పోయాను.

మార్చి 12

ఉత్తరం మూడోసారి రాశాను. అదే చోట ఆగాను.

మార్చి 13

సమద్ భాయ్‌కి ఉత్తరం రాసినంత వరకు చదివి వినిపించాను. ఆయన గడ్డం నిమురుకుంటూ విన్నాడు.

"మస్తు రాసిన్రు సాబ్. డాక్టర్ చిట్టీ నకలు జోడించిన్రా? చిట్టీ లేకుంటె ఎవ్వడు పట్టించుకోడు."

ఇంటికి వచ్చి వెతికాను. చిట్టీ కనిపించడం లేదు. ఫేబ చీరల కింద చూశాను. బైబిలులో చూశాను. కరెంటు బిల్లుల కట్టలో చూశాను.

తల తిరుగుతోందని రెండుసార్లు చెప్పింది. క్రిస్మస్ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి.

ఆరేళ్ళ నుంచి నేను వేసుకుంటున్నాను. నాకేం కాలేదు.

మార్చి 15

లలిత ఫోన్.

"బావా, నిన్న ప్రార్థనల మోకాళ్ళ మీదికెల్లి లేవంగనే కండ్లు చీకట్లు గమ్మినయ్. గోడ పట్టుకున్న."

"ఉపవాసం ఉంటున్నవా?"

"ఈస్టర్ ముందు లెంట్ గద. సాయంత్రం దాక ఏం తింటలేను."

"అందుకే అయి ఉంటది. పొద్దున పాలన్నా తాగు."

"సరే తియ్యి. నువ్వు తిన్నవా?"

తిన్నానన్నాను. మాత్ర మాట ఎత్తలేదు. లలిత గట్టి మనిషి. ఫేబలా సన్నగా ఉండదు. యాభై ఎనిమిది కిలోలైనా ఉంటుంది.

మార్చి 16, ఆదివారం

చర్చికి పోయాను. ఏం చెప్పారో గుర్తు లేదు.

మార్చి 17

బస్టాండుకు పోయాను. ఎల్దుర్తి బస్సు నిలబడి ఉంది. అది కదిలేదాకా చూసి ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం మళ్ళీ పోయాను. ఈసారి ఎక్కి కూర్చున్నాను. కండక్టరు టికెట్ అనగానే దిగాను.

ఫోన్‌లో చెప్పవచ్చు. 'ఆ మాత్రలు మానెయ్యి' అంటే చాలు. ఎందుకు అని అడుగుతుంది. అక్క కూడా ఇవే వేసుకుంది కదా, అక్కకు ఏమైంది అంటుంది.

మార్చి 18

జోహా ఇవాళ నన్ను షాపు బయట ఆపింది.

"అంకుల్, ఉత్తరం పంపిన్రా?"

"చిట్టీ దొరకలేదమ్మా."

"నేను చూసిన ఆ చిట్టీ. అక్టోబర్ల ఆంటీ మొదటిసారి తెచ్చినప్పుడు స్ట్రిప్పు నేనే ఇచ్చిన." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "సగం అని ఉండె అంకుల్. పొద్దున సగం, సాయంత్రం సగం. తర్వాత ఆంటీ రాలె. మీరే వచ్చి మీ చిట్టీ మీద ఇద్దరియి తీసుకపోయిన్రు. మా అబ్బా ఎన్నడు అడగలె. నేను గూడ అడగలె. అడిగితె బాగుండు."

ఏడవబోయి ఆపుకుంది. ఆ పిల్ల తప్పేమీ లేదని చెప్పాల్సింది. చెప్పకుండా వచ్చేశాను.

చిట్టీ పోలేదు. నా పాత సర్వీసు కాగితాల ఫైలులో ఉంది. జనవరిలో నేనే పెట్టాను. ఫేబ చీరల కింద వెతుకుతున్నప్పుడు కూడా అది ఫైలులో ఉందని నాకు తెలుసు.

ఇక్కడైనా రాస్తాను.

అక్టోబరులో ఆ డాక్టరు ఫేబను మూడు రోజులు దవాఖానలో ఉంచి, పూటపూటకూ ఈసీజీ తీయించి పంపాడు. 'ఆమె సన్నని మనిషి. ఆడవాళ్ళకు ఈ మందు తక్కువతో మొదలుపెడతాం. సగమే వేయాలి. తల తిరిగితే వెంటనే తీసుకురండి' అన్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను.

రెండు వారాలు సగమే వేసుకుంది. కత్తితో తనే కోసుకునేది. ఒకరోజు నేను చూశాను. ఒక ముక్క పెద్దది, ఒక ముక్క చిన్నది, బల్ల మీద పొడి. నా చిన్న తరాజు తెచ్చి తూచాను. ముల్లు ఒక వైపుకు వంగింది. ఇంకో మాత్ర కోసి తూచాను. మళ్ళీ వంగింది.

"సగం అంటే అందాజా. నా ఇంట్ల అందాజా నడవది. నీకు, నాకు ఒక్కటే జబ్బు. ఒక్కటే తూకం" అన్నాను.

"కూరల ఉప్పు ఎన్నడన్న తూచి ఏసిన్నా నేను? ముప్పై నాల్గేండ్ల సంది తింటలేవా?" అంది ఫేబ.

"అది ఉప్పు. ఇది మందు."

"డాక్టర్ సగం రాసిండు గద."

"ఆరేండ్ల సంది నేను నిండుది ఏసుకుంటున్న. నాకేం కాలేదు."

నవ్వి, నిండు మాత్ర మింగింది.

ఆమెకు తక్కువ ఇవ్వడం అన్యాయమని నిజంగానే అనుకున్నాను. ఆ ఒక్క మాట నన్ను కాపాడుతుందేమోనని పదేపదే అనుకుంటున్నాను. కాపాడదు.

జనవరి ఏడున వంటింట్లో పడిపోయింది. నేను పేపరు చదువుతున్నాను.

మార్చి 19

మొదటి బస్సుకు పోయాను. ఎల్దుర్తిలో దిగి లలిత ఇంటి దాకా ఆగకుండా నడిచాను.

"గింత పొద్దుగాల్నా? చెప్తె బెంజమిన్ బండి తెస్తుండె గద" అంది.

"ఆ గోలీలు ఇవాళ వేసుకున్నవా?"

"ఇంకా లేదు."

"వేసుకోకు. లే. మెదక్ పోదాం. ఈసీజీ తీయించాలె."

బెంజమిన్ బనియనుతో బయటికి వచ్చాడు. "ఏమైందన్నా? పరేషాన్ జేస్తున్నవ్. దడ తగ్గిందని ఈమెనే అంటుండె."

"నువ్వే ఇచ్చి నువ్వే వద్దంటవేంది బావా?" అంది లలిత. "మానేస్తె మళ్ళ గుండె దుంకుతది. ఆరేండ్ల సంది నువ్వు ఏసుకుంటలేవా?"

"నేను మగవాన్ని."

నవ్వింది. "అదేం మాట బావా? గోలీ మీద పేరు రాసి ఉంటదా?"

జోహా చెప్పినదంతా చెప్పాను. చెప్తున్నప్పుడే అది వాళ్ళకు ఎక్కడో ఎవరికో జరిగే కథలా వినిపిస్తోందని తెలిసింది. నేను వినిపిస్తున్న పద్ధతి కూడా అదే. బెంజమిన్ తల ఊపాడు. లలిత స్టవ్ వైపు నడిచింది. పది గంటలకు అంగన్‌వాడీ తెరవాలి, రేపు చూద్దాం అంది.

ఫేబ చిట్టీ తీసి ఆమె చేతికి ఇచ్చాను.

నిలబడే చదివింది. రెండోసారి చదివింది. స్టవ్ ఆర్పింది.

"సగం అని ఉన్నది."

"అవును."

"నాకు నిండుది ఇస్తివి."

"అవును."

"అక్కకు?"

"నిండుదే."

"సగం రాసిండని అక్కకు తెల్సా?"

"తెలుసు. అడిగింది. నాకేం కాలేదని చెప్పిన."

బెంజమిన్ నన్ను చూడలేదు. లోపలికి పోయి చొక్కా వేసుకొని బండి తాళంచెవి తెచ్చాడు. లలిత చిట్టీని మడిచి జాకెట్టులో పెట్టుకుంది. వాళ్ళిద్దరూ బండి మీద పోయారు. నేను బస్సులో వెనక పోయాను.

దవాఖానలో డాక్టర్ రజని కాగితం పట్టీని కిటికీ దగ్గరకు తీసుకుపోయి చూసింది.

"ఈ గోలీలు ఎవరు రాసిన్రు?"

ఇంట్లో మిగిలినవి అన్నాను.

"మా బావ ఇచ్చిండు" అంది లలిత.

జోహా చెప్పిన ఆ వ్యవధి బాగా సాగి ఉందట. ఇంకో నాలుగు రోజులు ఇట్లాగే ఉపవాసం ఉండి ఇవే మాత్రలు మింగితే ఏమయ్యేదో చెప్పలేనంది. మానిటరు పెట్టి, సెలైనులో లవణాలు ఎక్కించారు.

మార్చి 20

వార్డు బయట బెంచీ మీద ఉన్నాను. మానిటరు చప్పుడు ఇక్కడికి వినిపిస్తుంది. ఒక చప్పుడుకూ ఇంకో చప్పుడుకూ మధ్య ఆగిపోయి వింటున్నాను.

మార్చి 21

ఈసీజీలో ఆ వ్యవధి తగ్గుతోందట. మామూలుకు వస్తోందట.

లలిత దడకు అసలు ఆ మాత్రే అక్కర్లేదంది డాక్టరు. దుఃఖం, నిద్ర లేకపోవడం, రక్తం తక్కువ.

బెంజమిన్ రెండు టీలు తెచ్చి ఒకటి నా పక్కన పెట్టాడు.

మార్చి 22

హైదరాబాదు డాక్టరుకు రాసిన ఉత్తరాలు మూడూ చింపాను.

మార్చి 23, ఆదివారం

లలితను ఇవాళ ఇంటికి పంపారు. బండి దగ్గర బెంజమిన్‌ను ఆగమని చెప్పి నా దగ్గరికి వచ్చింది.

"అక్క నీకు ఎన్నిసార్లు చెప్పింది తల తిరుగుతుందని?"

"నాలుగుసార్లు."

"ఎప్పుడెప్పుడు?"

"మెట్ల మీద ఒకసారి. చర్చిలో స్టార్ కడుతున్నప్పుడు. క్రిస్మస్ రోజు, వంట మధ్యల. జనవరి ఆరున, పండుకునే ముందు."

"నువ్వేమన్నవ్?"

"నాలుగుసార్లూ ఒకటే మాట."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బండి ఎక్కి పోయింది.

ఈ డైరీలో ముందు ఒకసారి అని రాశాను. తర్వాత రెండుసార్లు అని రాశాను. కొట్టివేయలేదు. అట్లాగే ఉండనిస్తున్నాను.

మార్చి 29

లలిత ఫోన్ లేదు. నేను చేయలేదు.

ఏప్రిల్ 4

జోహాతో చెప్పాను, ఆమె తప్పేమీ లేదని. ఇప్పుడు ఎవరు గుండె మాత్రలకు వచ్చినా ఎవరికి అని అడుగుతోందట. సమద్ భాయ్ గొణుగుతున్నాడు: "దుకాణం గాదిది సాబ్, పోలీస్ స్టేషన్ అయింది. అడిగి అడిగి గిరాకీని ఎల్లగొడుతుంది." గొణుగుతూనే కూతురికి కుర్చీ ముందుకు జరిపాడు.

ఏప్రిల్ 7

లలిత ఫోన్ చేసింది. ఇరవై సెకన్లు కూడా మాట్లాడలేదు.

"గురువారం మెదక్ చర్చిల స్త్రీల కూడిక ఉన్నది. నువ్వు రావాలె."

"నేనెందుకు? మగవాళ్ళు రారు కదా."

"పాస్టరయ్యగారి భార్యను అడిగిన, రమ్మన్నది. అక్కకు ఏమైందో చెప్పాలె. నేను చెప్తె ఏడుస్త. నువ్వు ఏడ్వవు గద. నువ్వే చెప్పు."

ఏప్రిల్ 10, గురువారం

పదమూడు మంది ఆడవాళ్ళు. చాపల మీద కూర్చున్నారు. నాకు ఒక్కడికి కుర్చీ వేశారు. లలిత వెనక వరుసలో కూర్చుంది.

చెప్పాను. గుండె లయ మాత్ర ఆడవాళ్ళ మీద ఎట్లా పనిచేస్తుందో చెప్పాను. తల తిరిగినా, కళ్ళు చీకట్లు కమ్మినా ఊరుకోవద్దని చెప్పాను. డాక్టరు రాసినవి మానవద్దు, ఇంకొకరివి ముట్టవద్దు అని చెప్పాను. కాగితం మీద రాసుకొని పోయాను కాబట్టి తడబడలేదు. ఫేబ గురించి చివర్లో ఒక వాక్యం. 'నా భార్య విషయంలో మోతాదు ఎక్కువైంది' అని చదివి కాగితం మడిచాను.

ముందు వరుసలో దీనమ్మ చేయెత్తింది. డెబ్బై దాటిన మనిషి. ఆమె భర్త ఆశీర్వాదం చర్చిలో గంట కొడతాడు.

"సారూ, ఎక్కువైంది అంటిరి. ఎవరు ఎక్కువిచ్చిన్రు? డాక్టరా, గోలీల దుకాణపాయననా?"

లలిత వైపు చూశాను. ఆమె నన్నే చూస్తోంది. సాయం చేయలేదు.

"నేను ఇచ్చిన" అన్నాను. "డాక్టరు సగం రాసిండు. నేను నిండుది ఇచ్చిన. వద్దన్నా ఇచ్చిన."

ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లేచి పోదామనుకున్నాను. కానీ కుర్చీలోనే ఉన్నాను.

దీనమ్మ కాసేపు తన చేతులు చూసుకుంది.

"నాకు గూడ మా ఆయననే ఇస్తడు సారూ" అంది. "ఆయనియి. గుండె గోలీలే. రెండేండ్ల సంది. పోయిన వారం బాయి కాడ పడ్డ. ఎవ్వరికి చెప్పలె."

రేపు తొమ్మిదింటికి ఆమెను డాక్టర్ రజని దగ్గరికి తీసుకుపోతానని లలిత అంది. ఆ మాత్ర ఏదో కనుక్కోవాలి. డాక్టరు చిట్టీ ఉందా అని లలిత అడిగితే, ఆయనకు తెలుసు, నాకు తెల్వదు అంది దీనమ్మ.

ఆశీర్వాదం గేటు దగ్గర వేపచెట్టు నీడలో నిలబడి భార్య కోసం చూస్తున్నాడు. ఆడవాళ్ళు ఇంకా లేవలేదు. నేను ముందుగా బయటికి వచ్చి ఆయన దగ్గరికి నడిచాను.